దీపం పెట్టకూడని ఇల్లు

టులెట్ బోర్డు గేటుకు వేలాడుతూ ఉండగానే, మేము ఆ ఇంట్లో నిలబడి ఉండగానే, ఆ ఇల్లు మా చేతిలోంచి పోయింది.

ముత్తుకూరులో మేము చూసిన వాటిలో అదొక్కటే మా స్తోమతకు తగ్గది. ఒక గది, చిన్న వంటగది, బయట పంపు. ఇంటావిడ కరుణాకుమారి నా దగ్గర చేపలు కొనే మనిషే. పాప రోజాను ముద్దు చేసి చేతికి బిస్కెట్టు కూడా ఇచ్చింది.

"నాగులమ్మక్క తీసుకొచ్చిందంటే నాకింకేం కావాల. ఆధార్ జిరాక్స్ ఒకటియ్యండి, మంచిరోజు చూసుకుని దిగిపోండి" అంది.

పాప తల్లి మలర్ పాలిథిన్ సంచిలోంచి పాస్‌పోర్టు తీసి రెండు చేతులతో పట్టుకుంది. కరుణాకుమారి దాన్ని అందుకోలేదు.

"ఇదేంది?"

"పాస్‌పోర్ట్ అక్కా. నాది శ్రీలంక. ఆధార్ లేదు. నాకు ఇదే."

"సిలోనా!" కరుణాకుమారి నా వైపు తిరిగింది. "ఏందక్కా, నీ చెల్లెలి కోడలంటివి. సిలోను పిల్లని ఒక్క మాటన్నా చెప్పలేదే."

"సిలోను పిల్ల నా చెల్లెలి కోడలు కాకూడదా? దాని మెళ్ళో ఉండేది మా సుధాకర్ కట్టిన తాళే గదా."

"తాళి సంగతి నేనడగలా. విదేశం మనిషిని పెట్టుకుంటే ఇంటోళ్ళు వాళ్ళ వివరాలు ఫోన్లో ఎక్కించాలంట, పోలీసోళ్ళు వచ్చి చూసిపోతారంట. మా ఆయనకి రోడ్డు మీద జీపు కనపడితేనే చెమటలు పోస్తాయి. నువ్వేమో ఇంట్లోకే పిలిపిస్తుండావు."

నేను బతిమాలడం మొదలుపెట్టేలోపే ఆమె ఫోను మోగింది. రేవులో పనికి మనుషుల్ని తెచ్చే మేస్త్రీ. "ఎనిమిది మందా? ఒక గదిలోనే సర్దుకుంటారా? తలకింతని ఇచ్చేదైతే సరే" అంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పాప చేతిలో బిస్కెట్టు ఇంకా సగం అలాగే ఉంది.

రేవు వచ్చాక, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చాక, ఇక్కడ ఇళ్ళు ఇలాగే పోతున్నాయి. ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చిన మగవాళ్ళు వంతులు వేసుకుని పడుకుంటారు. పగటి డ్యూటీ వాడు లేచిన చాప మీదే రాత్రి డ్యూటీ దిగినవాడు నడుము వాలుస్తాడు. అంతమంది కలిసి ఇచ్చే అద్దెలో సగం కూడా ఒక ఆడమనిషి ఇచ్చుకోలేదు. పైగా ఆమె పరదేశి అంటే, పాపం అని జాలిపడేవాళ్ళు కూడా తలుపు దగ్గరే జాలిపడి పంపేస్తున్నారు.

మలర్‌కు పెద్ద ఇల్లేమీ అక్కర్లేదు. చిరునామా కావాలి. ఆమె వీసా గడువు కార్తీకం రాకముందే తీరిపోతుంది. పొడిగించాలంటే ఫలానా ఇంట్లో ఉంటున్నదని ఆ ఇంటి యజమాని సంతకం పెట్టాలి, ఇంటిపన్ను రసీదు చూపించాలి, పోలీసులు వచ్చి అవునని రాయాలి. తల్లీ కూతుళ్ళు నా దగ్గరే ఉంటున్నారు. కాని సునామీ కాలనీలో నేనుండే ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది. ఆయన ఒక తుపాను నాడు వేటకు పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి చనిపోయినట్టు కాగితం రాలేదు. ఆఫీసు లెక్కలో ఆయన ఇంకా ఉన్నాడు, సంతకం మాత్రం పెట్టడు.

సుధాకర్ రేవుల్లో ఇసుక తోడే ఓడ మీద పనివాడు. లంక రేవులో పనిచేసేటప్పుడు మలర్‌ను చూసి ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. వాడి తల్లి, నా చెల్లెలు, అప్పటికే పోయింది. అందుకని భార్యాబిడ్డల్ని తెచ్చి నా దగ్గర దించి మళ్ళీ ఓడెక్కాడు. ఇప్పుడు ఆఫ్రికా పక్కన ఎక్కడో ఉన్నాడు. ఫోను కలిసిన రోజు కలిసినట్టు. పాపకు తండ్రి తరఫున ఇక్కడి పాస్‌పోర్టు ఉంది. గడువు దాటితే తల్లి దేశం విడిచి పోవాలి. పాపను వెంట తీసుకుపోవాలంటే తండ్రి దిగి వచ్చి కాగితాలు చేయించాలి. అంటే పాప నా దగ్గర, మలర్ సముద్రం అవతల.

పోయేవాళ్ళను ఒడ్డున నిలబడి చూడటం నాకు కొత్త కాదు. మా ఆయనను అలాగే చూశాను. చెల్లెల్ని మద్రాసు ఆసుపత్రికి బండి ఎక్కించినప్పుడు, ఆమె అద్దంలోంచి చెయ్యి ఊపుతుంటే చూశాను. ఇప్పుడు అయిదేళ్ళ పిల్ల నా కొంగు పట్టుకుని అలా చూడాలి.

నిజానికి ఒక ఖాళీ ఇల్లు నా కళ్ళ ముందే ఉంది. రోజూ చేపల గంపతో దాని ముందు నుంచే పోతాను. పద్మనాభయ్య గారి ఇంటి వెనుక భాగం. రెండు గదులు, తాళం, గుమ్మానికి అడ్డంగా కట్టిన తుమ్మకంప. మనుషులు వంతులేసుకుని పడుకునే ఊళ్ళో ఆ ఇంటిని ఎవరూ అద్దెకు అడగరు, అటు తిరిగి చూడరు. పద్మనాభయ్య గారి తల్లి పిచ్చమ్మ గారు అందులో చనిపోయింది. పోయిన గడియ ధనిష్ఠా పంచకంలో పడింది. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసేయాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. మూయకపోతే పోయినవాళ్ళు ఇంకొకరిని వెంట తీసుకుపోతారని భయం. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు.

కరుణాకుమారి ఇంటి నుంచి వచ్చిన మర్నాడు తెరిచాను.

పద్మనాభయ్య గారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన కోడలు బిందు మెట్ల మీద కూర్చుని గంపలో కానాగంత చేపల్ని వేలితో నొక్కి చూస్తోంది.

"ఇయ్యి నిన్నటియ్యా, మొన్నటియ్యా?"

"ఇంకా ఊపిరి తీస్తుండాయి తల్లీ. నీ బేరం వినాలని ప్రాణం బిగబట్టుకొని ఉండాయి" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఉండగానే చెప్పేయాలని ఆయన వైపు తిరిగాను. "అయ్యా, ఆ వెనక ఇల్లు..."

ఆయన పేపరు దించారు. "మతి ఉండే మాట్లాడతుండావా నాగులమ్మా?"

"నాకు గాదయ్యా. మా సిలోను పిల్లకి."

"దానిది ప్రాణం గాదా? రేపు దానికేమన్నా అయితే నా ఇల్లు మళ్ళీ మూసుకోవాల. అప్పుడు నువ్వొచ్చి కంప కడతావా?"

"వాళ్ళది సముద్రం అవతలయ్యా. ఈ పంచకాలూ నక్షత్రాలూ వాళ్ళకి లేవు. పట్టింపు లేనోళ్ళని అది పట్టుకోదు గదా."

నేను కావాలని అబద్ధం చెప్పలేదు. వేరే దేశం అంటే నక్షత్రాలు కూడా వేరే అనే అనుకున్నాను. పద్మనాభయ్య గారు కూడా అలాగే అనుకున్నట్టున్నారు. గడ్డం గోక్కున్నారు.

"మామయ్యా, మొన్న ఆ బీహారోళ్ళు సైతం కంప చూసి ఎనక్కి పోయినారు" అంది బిందు. "ఊరికే మూసిపెట్టేదానికన్నా..."

"నువ్వుండు." ఆయన నన్ను చూశారు. "నిజంగా ఆ పిల్లకి తెలీదా?"

"తెలీదయ్యా."

"అయితే చెప్పబాక. తెలీకపోతే భయం ఉండదు. భయం లేనోళ్ళ జోలికి అది రాదు. కాగితాలు మా గిరిబాబు చూసుకుంటాడు. అద్దె సగమియ్యి చాలు."

ఇల్లు దొరికింది. ఆ ఇంట్లోకి పసిబిడ్డను నేనే పంపిస్తున్నాను. ఏదో సాకు చెప్పి పాపను రాత్రిళ్ళు నా దగ్గరే పడుకోబెట్టుకుందాం అనుకున్నాను. ఏ సాకు చెప్పాలో మాత్రం తోచలేదు.

మర్నాడు మేము వెళ్ళేసరికి కంప తీసేశారు. పద్మనాభయ్య గారి కొడుకు గిరిబాబు అద్దె కాగితం టైపు చేయించి తెచ్చాడు. పద్మనాభయ్య గారు వాకిట్లో కుర్చీ వేసుకుని పెన్ను తీశారు. "పోయి చూసుకో అమ్మాయ్" అన్నారు మలర్‌తో.

మలర్ గుమ్మం ముందు ఆగిపోయింది. తలుపు రంగు మీద ముళ్ళు గీరిన గీతలు ఉన్నాయి. లోపల నేలంతా దుమ్ము, ఆ దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు. దేవుడి గూట్లో ప్రమిద బోర్లించి ఉంది. ఆమె పాపను వెనక్కి లాక్కుంది.

"ఎవరు పోయినారు ఇక్కడ?"

గిరిబాబు చేతిలో కాగితం సర్దుకున్నాడు. మలర్ మళ్ళీ అడిగింది.

"పంచమిలో పోయినారా?"

పద్మనాభయ్య గారు నా వైపు చూశారు. మలర్ తల వంచుకుని, తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. "మా ఊర్లో కూడా ఉంది అయ్యా. మీ పంచకం, మా పంచమి ఒకటే. అడైప్పు అంటాం. ఇల్లు మూసేస్తాం."

ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"తెలీదంటివే నాగులమ్మా!"

"వాళ్ళకి తెలుసని నాకు తెలీదయ్యా..."

"బాగుండాది వరస! సముద్రం దాటితే నక్షత్రాలు లేవంటివి. ఆడ మాత్రం ఆకాశం లేదా? ఒరే గిరీ, ఆ కాగితం ఇటియ్యి. కంప తెచ్చి మళ్ళీ కట్టు."

గిరిబాబు కదిలాడు. నేను ఆయన కుర్చీ ముందు కూలబడ్డాను. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. బిడ్డ అని ఉంటాను, తల్లి అని ఉంటాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు.

మలర్ నా భుజం పట్టుకుని లేపింది. తర్వాత ఆయనతో మాట్లాడింది.

"అయ్యా, తెలీని మనిషి వస్తే తొలిరోజే దీపం పెట్టుకుంటుంది. వంట చేస్తుంది. మీరు చెప్పగలరా వద్దని? చెప్తే ఎందుకు అంటుంది. నేను పెట్టను. తెలుసు కాబట్టి పెట్టను. మీ అడైప్పు మీకు ఉంటుంది. నాకు ఈ ఇంటి నంబరు చాలు."

పద్మనాభయ్య గారు కుర్చీలో ముందుకు వంగారు. "మరి భయం లేదా నీకు?"

"ఉంది."

"ఉండి కూడానా?"

"మా అమ్మ క్యాంపులో పోయింది. యుద్ధం అయిపోయినప్పుడు. ఆ రోజు ఏ నక్షత్రమో చెప్పే మనిషి లేడు. మూసేసి పోవడానికి ఇంకో గుడారం లేదు. అందరం అందులోనే పడుకున్నాం."

"తర్వాతేమైంది?" అని బిందు అడిగింది.

"తమ్ముడు పోయాడు. జ్వరం. క్యాంపులో అందరికీ జ్వరమే. దేనివల్లో నాకు తెలీదు అక్కా."

ఆమె ఇంకో మాట చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది నాకు. ఏమీ కాలేదని చెప్పి ఉంటే. కాని ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్పింది. చివరికి, "పాప ఇక్కడ పడుకోదు. పెద్దమ్మ ఇంట్లో పడుకుంటుంది. నేను ఒక్కదాన్నే" అంది. ఆ మాట అంటున్నప్పుడు పాప చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.

పెన్ను మళ్ళీ జేబులోంచి వచ్చింది.

"దీపం పెట్టకూడదు. పొయ్యి కూడా."

"సరే అయ్యా."

"లైటు, నాన్నా?" అన్నాడు గిరిబాబు.

బల్బు దీపం కిందికి వస్తుందా రాదా అని తండ్రీకొడుకులు కాసేపు వాదించుకున్నారు. వెలిగేదేదైనా దీపమే అని పద్మనాభయ్య గారు తేల్చి, బల్బులు పీకించేశారు. "ఫోను లైటు అయితే పర్లేదులే" అని గిరిబాబు మెల్లగా మలర్‌తో అన్నాడు.

అలా ఇల్లు కుదిరింది. తల్లీ బిడ్డలు విడిపోకూడదని వెతుక్కున్న ఇల్లు, ప్రతి సాయంత్రం వాళ్ళను విడదీసేది. మలర్ పగలంతా నా దగ్గరే ఉండి, నా పొయ్యి మీదే వండి, పాపకు తినిపించి, చీకటి పడకముందే ఆ ఇంటికి పోయేది. పాప వీధి మలుపు దాకా వెంటపడేది. నేను ఎత్తుకుని వెనక్కి తెచ్చేదాన్ని. చిన్న కాళ్ళతో నా పొట్టలో తన్నేది.

"అమ్మ ఆ ఇంట్లో ఎందుకు? మనం ఈ ఇంట్లో ఎందుకు?" అని అడిగేది. నేను ఎండుచేపలు తిరగేసేదాన్ని.

పొద్దున్నే మలర్ వచ్చేదాకా వాకిట్లోనే నిలబడేదాన్ని. ఆమె నడిచి వస్తూ కనపడితే ముందు అడుగులు చూసేదాన్ని, తూలుతున్నాయా అని. తర్వాత నుదురు ముట్టుకునేదాన్ని. "జ్వరం లేదు పెద్దమ్మా" అని నేను అడగకముందే చెప్పేది. ఆ చీకట్లో ఏం చేస్తావే అంటే, గోడ వైపు తిరిగి పడుకుంటాను అనేది.

గడువు ఆ వారంలోనే తీరుతుందనగా ఒక మధ్యాహ్నం బిందు ఫోను చేసింది. "నాగులమ్మా, పోలీసాయన వచ్చినాడు. తొందరగా రండి."

మలర్ ముందు, పాపను చంకనేసుకుని నేను వెనుక పరుగెత్తాం. వచ్చినాయన కానిస్టేబుల్ పెంచలప్రసాద్. మంచిగానే మాట్లాడాడు. గుమ్మం బయట నిలబడి మెడ సాచి లోపలికి చూస్తున్నాడు. లోపల ఒక చాప, ఒక నీళ్ళ సీసా, గోడకు ఒక సంచి.

"ఈడ కాపురం ఉండారని రాయమంటే ఎట్టా రాసేదమ్మా? బల్బు లేదు, పొయ్యి లేదు, ఉప్పు డబ్బా కూడా లేదు. పాప పేరు కూడా ఈ చిరునామాకే ఇచ్చినారు. పాప గుడ్డ ఒక్కటన్నా లేదే!"

"నేను ఇక్కడే పడుకుంటాను సార్."

"పడుకుంటే సరిపోదమ్మా. పేరుకి అద్దె కాగితం పుట్టించి మనిషి ఇంకోచోట ఉంటే రేపు నా మెడకి చుట్టుకుంటది."

ఇక దాచి లాభం లేదని నేను నిజం చెప్పేశాను. "ధనిష్ఠా పంచకం సార్. ఆరు నెలలు దీపం పెట్టకూడదని ఒప్పందం. అంతేగాని ఆ పిల్ల ఈడే ఉంటుండాది."

ఆ మాటతో దారి తెరుచుకుంటుంది అనుకున్నాను. ఆయన గుమ్మం నుంచి ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"తలుపు మీద గీతలు చూసినప్పుడే అనుకున్నా. మా మేనత్త పోయినప్పుడు మేమూ మూసినాం అవ్వా. అందుకే చెప్తుండా. మూసిన ఇంట్లో మనుషులుండరని ఈ జిల్లాలో ఎవురికి తెలీదు? ఉంటుండారని రాస్తే మా పై ఆయనే నమ్మడు. నేనన్నా నా కళ్ళతో చూడాల గదా, ఈ ఇంట్లో కాపురం జరగతుండాదని."

ఆయన చేతిలో కాగితాలు మడవసాగాడు. వీధిలో ఎవరో ఆగి చూస్తున్నారు. పద్మనాభయ్య గారు వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి అంతా వింటున్నారు. మలర్ ఆయన వైపు చూసింది. నోటితో ఏమీ అడగలేదు. ఆయన కూడా అవునని అనలేదు, కాదని అనలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, మెల్లగా గేటు దాటి, ఇంటికి వీపు పెట్టి రోడ్డు మీద నిలబడ్డారు.

"బిందక్కా, ఒక పొయ్యి ఇస్తావా?" అంది మలర్. "సార్, టీ తాగి పోండి."

బిందు తమ వంటింట్లోంచి చిన్న గ్యాసు పొయ్యి, లైటరు, గిన్నె, గ్లాసు, టీపొడి, చక్కెర తెచ్చి, గుమ్మం దాటకుండా అందించింది. మలర్ నేల మీద కూర్చుంది. లైటరు అందుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. టక్ టక్ మని చప్పుడు, తర్వాత గ్యాసు అంటుకున్న చప్పుడు. కళ్ళు తెరిచేసరికి నా చేతిలో పాప లేదు. గుమ్మం దాటి పోయి తల్లి తొడ మీద కూర్చుని ఉంది. "రోజా!" అని అరిచాను. అడుగు మాత్రం వేయలేకపోయాను. కానిస్టేబులు నన్నూ, పాపనూ మార్చి మార్చి చూశాడు.

పాలు లేని టీ గ్లాసులో పోసి, మలర్ గుమ్మం ఇవతలికి చెయ్యి చాచింది. ఆయన అందుకుని ఊదుకుంటూ తాగాడు. గ్లాసు మెట్టు మీద పెట్టి జేబులోంచి పెన్ను తీశాడు.

"తల్లి, కూతురు. వంట చేసుకుంటా కాపురం ఉంటుండారు" అని పైకి చదువుతూ రాశాడు. "రేపు పొద్దునకల్లా పంపిస్తా. ఆ బల్బు మాత్రం పెట్టించండమ్మా."

ఆయన బండి మలుపు తిరిగాక పద్మనాభయ్య గారు గేటు లోపలికి వచ్చారు.

"పోయినాడా?"

"పోయినాడయ్యా. ఉంటుండారని రాసినాడు."

"పొయ్యి ఎలిగించింది."

"ఎలిగించిందయ్యా."

ఆయన ఆ గుమ్మం వైపు చూడలేదు. "ఇంక మా ఇంట్లో ఎవురికి దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా నిన్నే అడగతా నాగులమ్మా" అన్నారు. రెండడుగులు వేసి ఆగారు. "ఎలిగించినాక మళ్ళీ చీకటి దేనికి? గిరిగాణ్ణి బల్బు పెట్టమంటా. పసిబిడ్డ ఉండాది."

పొద్దు వాలుతోంది. నేను పాప కోసం చెయ్యి చాచాను. "పాపని ఇటియ్యి, చీకటి పడేలోపు పోతాం."

"వద్దు పెద్దమ్మా. ఇంక పంపను."

"భయం పోయిందా?"

"లేదు." మలర్ గిన్నె కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఎక్కడున్నా భయమే. ఇక్కడైతే పాప నా పక్కన ఉంటుంది."

కాలనీకి పోయి తలుపు తాళం వేసి, నా చాపా దుప్పటీ చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాను. మలర్ నన్ను చూసి లోపల చోటు చూపించింది. నేను లోపలికి పోలేదు. గుమ్మానికి అడ్డంగా చాప పరిచాను.

"అక్కడెందుకు పెద్దమ్మా, గాలి కొడుతుంది."

"కొట్టనీలే. నువ్వు పడుకో."

పిచ్చమ్మ గారు నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. వాకిట్లో నా గంప దించించకుండా ఒక్కరోజు కూడా నన్ను ముందుకు పోనిచ్చేది కాదు. ఆమె ఎవరికోసమైనా వస్తే లోపలి దాకా రానక్కర్లేదు. నేను వాకిలి దగ్గరే ఉంటాను.